ఫాంటసీలో ఆడ–మగ మారువేషం, లింగ గుర్తింపు: తిక్కన నుంచి ఈనాటి నవలల దాకా (రాసేవాళ్ల కోసం)

పెన్నగట్టు (నెల్లూరు)
అందరికీ నమస్కారం. 1514 నాటి ఉదయగిరి ముట్టడిని పోలిన ఊహాలోకంలో ఒక నవల రాస్తున్నాను. ముఖ్యమైన పాత్రలు రెండు. మల్లి, తమ్ముడి పేరు పెట్టుకొని కోట దండులో చేరిన అమ్మాయి. రెండోది రాజకుమారుడిగా పుట్టి, యక్షుడి వరంతో ఆడదేహం పొంది, ఇక వెనక్కి మారనని చెప్పే మనిషి. ఆ పాత్రకి తను పెట్టుకున్న పేరు చంద్రిక. చిత్తుప్రతి చదివినవాళ్లు "ఇద్దరిదీ ఒకటే కథ గదా, ఒకరిని తీసెయ్యి" అంటున్నారు. ఒకటి కాదు. కానీ ఆ తేడా కాగితం మీద కనబడట్లేదు.

పాత కావ్యాల్లో, యూరప్ మధ్యయుగపు కథల్లో, ఇప్పటి ఫాంటసీలో ఈ రెండు రకాలనీ ఎట్టా నడిపారో చెప్పండి. వేషం ఎక్కడ బయటపడుతుంది, ఎందుకు బయటపడుతుంది, బట్టలేంది, మాట తీరేంది, అన్నీ కావాలి. "ఇదంతా పడమటి గాలి" అనేవాళ్లకి చూపించడానికి మన ఆధారాలు కూడా.

పాకనాడు
పడమటి గాలి అనేవాళ్లకి నెల్లూరులో మనుమసిద్ధి కొలువును చూపించండి. 13వ శతాబ్దంలో అక్కడ కూర్చున్న తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో విరాట, ఉద్యోగ, ఆనుశాసనిక పర్వాలు ఉన్నాయి. మీకు కావలసిన మూడు రకాలూ భారతంలో సరిగ్గా ఆ మూడు చోట్లే ఉన్నాయి.

విరాటపర్వంలో బృహన్నలది వేషం. మూలంలో వ్యాసుడు ఆ వేషాన్ని ఎంత జాగ్రత్తగా కట్టాడో చూడండి. ఎలా దాక్కుంటావని ధర్మరాజు అడిగితే అర్జునుడు మొదట ఎత్తుకునేది తన చేతుల సంగతి. వింటినారి ఒరుసుకొని రెండు చేతులకూ కాయలు కాశాయి, వాటిని దాచడం కష్టం, గాజులతో కప్పుకుంటానంటాడు. ఒక్క చేతికే మచ్చ ఉంటే ఎవరో విలుకాడు అనుకుంటారు. రెండింటికీ ఉంటే సవ్యసాచి ఒక్కడే. కాబట్టి ఆ గాజులు అలంకారంతో పాటు ఆధారాన్ని కప్పే మూత కూడా. మల్లి వేసుకునే ప్రతి వస్తువుకీ ఇలాంటి పని ఒకటి ఇవ్వండి.

ఉద్యోగపర్వం చివర శిఖండి కథ. ఆడబిడ్డగా పుట్టి, మగబిడ్డగా పెరిగి, దశార్ణ రాజు హిరణ్యవర్మ కూతుర్ని పెళ్లాడుతుంది. నిజం బయటపడి మామ యుద్ధానికి సిద్ధమవుతాడు. ప్రాణం తీసుకుందామని అడవికి పోతే స్థూణాకర్ణుడనే యక్షుడు తన పురుషత్వాన్ని కొంతకాలానికి అప్పు ఇస్తాడు. మామ పంపిన స్త్రీలు పరీక్షించి ఒప్పుకుంటారు. అక్కడితో ఆపకండి. గడువు తీరగానే శిఖండి మాట తప్పకుండా అడవికి తిరిగి వెళతాడు, అప్పు తీర్చడానికి. ఈలోగా కుబేరుడు వచ్చి, స్త్రీ రూపంలో సిగ్గుపడి దాక్కున్న స్థూణుణ్ణి శిఖండి బతికున్నంతకాలం అలాగే ఉండమని శపించాడు. అందువల్ల ఆ దేహం శిఖండికే నిలిచింది. మీ యక్షుడి వరానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు: వరానికి ఒక షరతు ఉంది, ఒక ఖర్చు ఉంది, ఆ ఖర్చు ఇంకెవరో మోశారు.

ఆనుశాసనికంలో భంగాస్వనుడు. ఇంద్రుడికి గిట్టని అగ్నిష్టుత యాగం చేసినందుకు వేటలో దారి తప్పి, కొలనులో స్నానం చేసి ఆడది అయ్యాడు. మగవాడిగా నూరుగురు కొడుకులు, ఆడదిగా ఒక తాపసి వల్ల నూరుగురు. ఇంద్రుడు వాళ్ల మధ్య కలహం పెట్టి అందరినీ చంపించాడు. తరువాత కరుణించి, ఎవరిని బతికించమంటావని అడిగితే ఆడదానిగా కన్నవాళ్లను అన్నది. సంతోషించి అందరినీ బతికించి, మళ్లీ మగవాణ్ణి చేస్తానంటే వద్దన్నది. మీ చంద్రిక పెద్దమ్మ ఈమే.

ఒంగోలు_వనజ
మాస్టారూ, ఊర్వశి శాపం సంగతి? శాపమైతే దేహం మారినట్టు కదా, వేషమని ఎలా అంటాం?

పాకనాడు
మంచి ప్రశ్న అమ్మా. ఊర్వశి శాపం అరణ్యపర్వంలో వస్తుంది. పుణె భండార్కర్ సంస్థ వారి పరిష్కృత ప్రతిలో ఆ ఘట్టాన్ని మూలంలో ఉంచలేదు, అనుబంధంలోకి పంపారు. అంటే ఒక సంప్రదాయంలో అర్జునుడు తానే ఎంచుకున్న వేషం, మరొక దానిలో ఏడాదికి కుదించిన శాపం. కథ నడిచే తీరు మాత్రం వేషానిదే. గోగ్రహణంలో ఉత్తరుడు రథం దూకి పారిపోతుంటే వెనకాల పరుగెత్తే బృహన్నల జడ ఊగుతోంది, ఎర్రబట్టలు ఎగురుతున్నాయి, సైనికులు నవ్వుతున్నారు. పెద్దవాళ్లు మాత్రం అదే తల, అదే మెడ, గడియమానుల్లాంటి అవే చేతులు అనుకుంటారు. శమీవృక్షం దగ్గర గాజులు తీసి తోలు పట్టాలు కట్టుకొని, జుట్టును తెల్లబట్టతో బిగిస్తాడు. పనైపోయాక తీసేసేది వేషం. భంగాస్వన తీయనన్నది.

కావలి_చదువరి
పాకనాడు గారు మాట మధ్యలో ఒక ముక్క వదిలారు, నాకు అదే అసలైన తాళంచెవిగా కనబడుతుంది: పరీక్ష. విరాటుడు బృహన్నలను స్త్రీలచేత పరీక్ష చేయించాకే కన్యల అంతఃపురానికి పంపాడు. శిఖండికి పరీక్ష. యూరప్ కథల్లో కూడా ఈ ఘట్టం లేని కథ అరుదు. పెన్నగట్టూ, మీ ఇద్దరు పాత్రల తేడా ఆ ఒక్క దృశ్యంలో చూపించొచ్చు.

13వ శతాబ్దపు ఫ్రెంచి కథల్లో ఈద్, ఒలీవ్‌ల కథ ఉంది. సొంత తండ్రి కన్ను పడితే ఈద్ మగవేషంలో పారిపోయి, యోధుడై, రోము చక్రవర్తి కూతురు ఒలీవ్‌కి మొగుడవుతుంది. ఒలీవ్‌కి నిజం చెబితే ఆమె దాచిపెడతానంటుంది. ఆ మాటలు ఒక కుర్రాడు చాటుగా విని మోసుకుపోతాడు. చక్రవర్తి అందరి ముందూ స్నానం చెయ్యమంటాడు. అప్పుడు దేవదూత దిగి ఈద్‌ను మగవాణ్ణి చేస్తాడు. శిఖండికీ ఈద్‌కీ ఎక్కడా సంబంధం లేదు, అయినా బిగింపు ఒకటే: పెళ్లి, రహస్యం పొక్కడం, పరీక్ష, పైనుంచి సాయం.

అదే శతాబ్దానిది సిలాన్స్ కథ. రాసినది కార్నవాల్ హెల్డ్రిస్ అని కావ్యమే చెబుతుంది. ఒకే ఒక్క రాతప్రతి మిగిలింది, అది 1911లో ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గర వొలాటన్ హాల్‌లో దొరికింది. ఎబాన్ రాజు ఆడపిల్లలకు ఆస్తి లేదని చట్టం చేస్తాడు. అందుకని తల్లిదండ్రులు కూతుర్ని కొడుకుగా పెంచుతారు. ఈడు రాగానే ప్రకృతి, పెంపకం, వివేకం మనుషుల్లా వచ్చి ఆ బిడ్డ ముందు వాదించుకుంటాయి. ముద్దుకు నా నోరు గట్టిపడింది, కౌగిలికి నా చేతులు బండబారాయి అని ఆ పిల్ల లెక్క వేసుకుని మగవాడిగానే ఉంటుంది. చివరికి మెర్లిన్‌ను పట్టాల్సి వస్తుంది. అతణ్ణి ఆడదాని ఉపాయం తప్ప ఇంకేదీ పట్టలేదన్నది జోస్యం. కాల్చిన మాంసం, తేనె, పాలు, ద్రాక్షసారాయి ఎర పెట్టి సిలాన్స్ పట్టేస్తుంది. పట్టుకోవడంతోనే గుట్టు బయటపడింది. గెలుపే పరీక్ష అయిన కథ ఇది, మల్లికి నేను సూచించేది ఇదే పద్ధతి. చివర్న ప్రకృతి వచ్చి ఎండకు కమిలిన ఒంటిని మళ్లీ నునుపు చేస్తుంది, రాజు పెళ్లి చేసుకుంటాడు. ఇష్టమేనా అని సిలాన్స్‌ను అడిగే దృశ్యం లేదు. ఈ కాలపు చదువరికి ఆ ఖాళీయే ఎక్కువ గుచ్చుకుంటుంది. చంద్రికను ఆ ఖాళీలోంచి పుట్టించండి.

ఉదయగిరి_కొండ
బట్టల సంగతి నేను చెబుతా. ఇంగ్లీషు నవలలు చదివి రాసేవాళ్లు అమ్మాయి దండులో చేరగానే జుట్టు కత్తిరించే దృశ్యం పెడతారు. మన కాలానికి, మన చోటికి అది కుదరదు. ఆ రోజుల్లో మగవాళ్లకీ పొడుగు జుట్టే, సిగ వేసుకునేవాళ్లు. విజయనగర కొలువు మనిషి తలకు కుళ్లాయి, ఒంటికి పొడుగాటి అంగీ, నడుముకు చుట్టిన బట్ట. కర్ణాట కొలువుకు పోయిన శ్రీనాథుడి చాటువులో కూడా ఇవే: కుళ్లాయి ఉంచాడు, కోక చుట్టాడు, కూర్పాసం తొడిగాడు. కుళ్లాయి కింద జుట్టు ఎంతుంటే ఏం. చెవులు కుట్టించుకోవడం మగవాళ్లకీ ఉంది, కాబట్టి చెవి రంధ్రం పట్టివ్వదు.

పట్టిచ్చేవి ఇవి. ముక్కు కుట్టిన రంధ్రం. పెళ్లయిన మనిషైతే కాలి రెండో వేలికి మట్టె ఒత్తిన గాడి. ముంజేతి మీద పచ్చబొట్టు. చెంపల మీదా పాదాల మీదా వదలని పసుపు చాయ. మల్లికి పెళ్లి కాలేదు కాబట్టి మట్టె గొడవ లేదు. పసుపు సున్నిపిండితో రుద్దినా ఒక్క రోజులో పోదు, చేరడానికి ముందే కొన్నాళ్లు మానేయించండి. ముక్కు రంధ్రానికి దారి లేదు, ముక్కు కుట్టని పిల్లగా పెట్టుకోవడమే మేలు.

ఛాతీకి గుడ్డ బిగించడం అన్ని నవలల్లోనూ ఉంటుంది. ఈ రోజుల్లో ఛాతీ అణిచే లోదుస్తులు వాడేవాళ్లకి కూడా ఎనిమిది గంటలు దాటనివ్వొద్దనీ, వాటితో పడుకోవద్దనీ, సాగే బ్యాండేజీ అసలు వద్దనీ చెబుతారు. ఊపిరి తీసేకొద్దీ బిగుసుకొని పక్కటెముకలు దెబ్బతింటాయి. అలాంటి గుడ్డ కట్టుకొని ఉదయగిరి కొండ మెట్లు పరుగెత్తి ఎక్కి కత్తి తిప్పిందంటే నమ్మడం కష్టం. దానికి బదులు ఆ కాలపు దండులో దూది కూరి కుట్టిన అంగీలు ఉండేవి, బాణం దెబ్బకి అడ్డం. అవి వేసుకుంటే ఎవరి ఛాతీ ఎట్టాంటిదో తెలియదు. ఎండలో ఉడికిపోతుంది కాబట్టి విశ్రాంతి వేళ అందరూ విప్పేస్తారు, మల్లి విప్పదు. అనుమానం అక్కడ మొదలవ్వాలి, యుద్ధంలో కాదు.

ఇంకో చిక్కు. ముట్టడి ఏడాది దాటి సాగింది. పదిహేనేళ్ల కుర్రాడని చెప్పి చేరితే, చివరికొచ్చేసరికి మీసం ఏదని అడుగుతారు. వయసు పదమూడని చెప్పించండి.

తెరవెనక
కొండన్నా, నెలసరి వదిలేశావు. దండులో గుడ్డ ఉతకడం కష్టం కాదు, ఆరేయడమే కష్టం. మల్లిని గాయాలకు కట్లు కట్టే పనిలో పెట్టండి. నెత్తురు మరకల గుడ్డలు ఉతికి ఆరేయడం అక్కడ రోజూ పనే, ఎవరూ రెండోసారి చూడరు.

స్నానం: ఏటి ఒడ్డున మగవాళ్లు గోచీతో దిగుతారు. వేకువజామున గుర్రాలను నీళ్లకు తోలే పని మల్లికి ఇస్తే ఒంటరిగా దిగడానికి సాకు దొరుకుతుంది.

వేదిక మీద మగవాళ్లు ఆడవేషం కట్టేటప్పుడు ముందుగా కప్పేవి మణికట్టు, కంఠం దగ్గర బుడిపె, మోచెయ్యి. అందుకే గాజులు పైదాకా, మెడకు దగ్గరగా కంటె, భుజం మీదుగా పైట. జడకు సవరం. తరవాత నడక: చీర కుచ్చిళ్లు అడుగును కట్టేస్తాయి, అడుగు చిన్నదైతే నడుము దానంతట అదే మెత్తబడుతుంది. ఆడపిల్ల మగవేషంలో ఉన్నప్పుడు దీనికి తిరగేసి ఆలోచించాలి. కొత్తగా కాసె కట్టిన కాలు పాత అలవాటుకొద్దీ చిన్న అడుగే వేస్తుంది. నేల మీద కూర్చునేటప్పుడు మోకాళ్లు దగ్గరకు పోతాయి. ఎవరైనా ఏదైనా విసిరితే ఒడి పట్టినట్టు కాళ్లు విడదీస్తుంది. రాసేటప్పుడు ఈ మూడింట్లో ఒకటి చాలు, మూడూ పెడితే తోటి సైనికులందరూ గుడ్డివాళ్లయిపోతారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. భామాకలాపంలో తెర మీదుగా జడ వేసి సవాలు చేసే సత్యభామ మగ నటుడని చూసేవాళ్లందరికీ తెలుసు. అది కళ. దాన్ని చూపించి నటుడి లోపలి గుర్తింపు ఇదీ అని తేల్చకూడదు, ట్రాన్స్ మనిషిని "వేషం కట్టాడు" అని అసలే అనకూడదు.

కావలి_చదువరి
తెరవెనక చెప్పిన "అందరికీ తెలిసిన వేషం" మధ్యయుగంలోనూ విడిగా ఉంది. ఆస్ట్రియా యోధుడు ఉల్రిఖ్ ఫొన్ లిక్టెన్‌స్టైన్ 1255 ప్రాంతంలో రాసుకున్న కావ్యంలో, 1227లో తాను వీనస్ దేవత వేషంలో, జడలతో, వెనిస్ దగ్గర నుంచి బొహీమియా దాకా పోటీలు ఆడుతూ పోయానంటాడు. తనతో తలపడినవాడికి బంగారు ఉంగరం. ఎవరూ మోసపోలేదు, మోసం ఉద్దేశమూ కాదు.

పూర్తి మోసానికి నార్స్ పాట థ్రిమ్ కథ. థోర్ దేవుడి సుత్తిని దొంగిలించిన రాక్షసుడు థ్రిమ్, అది తిరిగివ్వాలంటే ఫ్రేయా దేవతను పెళ్లికి ఇమ్మంటాడు. సుత్తి కోసం థోర్ పెళ్లికూతురు ఫ్రేయా వేషం కడతాడు, నడుముకు తాళాల గుత్తి, ముఖానికి ముసుగు. విందులో ఒక ఎద్దును, ఎనిమిది సాల్మన్ చేపలను తిని మూడు పీపాల తేనె మద్యం తాగుతాడు. చెలికత్తె వేషంలో ఉన్న లోకి "ఎనిమిది రాత్రులుగా మీ మీద ధ్యాసతో ఏమీ తినలేదు" అని సర్దుతాడు. ముసుగు ఎత్తితే కళ్లు మండుతున్నాయి, "ఎనిమిది రాత్రులుగా నిద్ర లేదు" అంటాడు. బట్టలు సరిపోయాయి, ఒంటి అలవాటు పట్టిచ్చింది, పక్కవాడి మాట కాపాడింది.

ఆ పక్కవాడు చాలా అవసరం. అరేబియన్ రాత్రుల్లో బుదూర్ భర్త బట్టలు కట్టి రాజై, రాజకుమార్తెను పెళ్లాడినప్పుడు కాపాడింది ఆ పెళ్లికూతురు హయాతే. మల్లికి నిజం తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి.

చీమకుర్తి_రాయి
రూపం మార్చుకొని మోసం చేసే కథలు మన దగ్గరే తవ్వినకొద్దీ దొరుకుతాయి. దండి దశకుమారచరితంలో ప్రమతి, రాకుమారి నవమాలిక కోసం ఒక ముసలి బ్రాహ్మడి కూతురుగా వేషం కడతాడు. అల్లుణ్ణి తెచ్చేదాకా నా కూతుర్ని కాపాడమని బ్రాహ్మడు రాజుకి అప్పగిస్తాడు. తరువాత అంతఃపుర స్త్రీలతో నదీస్నానానికి పోయి, నీళ్లలో మునిగి వేరేచోట తేలతాడు. అక్కడ బ్రాహ్మడు పొడి బట్టలతో సిద్ధంగా ఉంటాడు. ఇద్దరూ కొలువుకొచ్చి "మా పిల్లేది?" అంటే రాజు బదులుగా సొంత కూతుర్ని ఇవ్వాల్సి వస్తుంది. దీన్ని తెలుగు చేసిన కేతన ఆ కావ్యం అంకితమిచ్చింది తిక్కనకే.

దాదాపు ఇదే ఎత్తు కథాసరిత్సాగరపు బేతాళ కథల్లోనూ ఉంది, అక్కడ వేషం బదులు గుటిక. నోట్లో ఉంచుకుంటే ఆడది, తీస్తే మగవాడు. పెన్నగట్టు గారూ, మాయకు నియమం ఎలా పెట్టాలో ఇక్కడ నేర్చుకోవచ్చు: స్విచ్చి ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది, పోగొట్టుకుంటే ఏమవుతుంది. గుటిక మనిషి చేతిలో ఉంటే వేషకథ. భాగవతంలోని రాజు సుద్యుమ్నుడిలా నెలకోసారి దానంతట అదే మారుతుంటే అది విధి. భంగాస్వనకిచ్చినట్టు ఒక్కసారి "ఏది కావాలి" అని అడిగితే అది గుర్తింపు కథ. పింగళి సూరన కళాపూర్ణోదయంలో రంభ రూపంలో కలభాషిణి, నలకూబరుడి రూపంలో మణికంధరుడు ఒకరికొకరు ఎదురుపడతారు, ఎదుటివాళ్లది అసలు రూపమనే ఇద్దరూ అనుకుంటారు. అదే కావ్యంలో సుముఖాసత్తి, మణిస్తంభులు ఆడా మగా తారుమారై కళాపూర్ణుణ్ణి కంటారు.

ఒంగోలు_వనజ
ఇప్పటి నవలల సంగతి నేను అందుకుంటా.

టోల్కీన్ 1955లో ఎయొవిన్‌ను డెర్న్‌హెల్మ్ అనే కుర్ర యోధుడిగా యుద్ధానికి పంపాడు. వేషం విప్పేదాకా కథకుడు కూడా మగవాడిగానే చెబుతాడు. దండు నాయకుడు ఎల్ఫ్‌హెల్మ్‌కి ఏదో తెలిసినట్టు ఒక చిన్న సూచన ఉంది, కావలి గారు చెప్పిన పక్కవాడు అతనే. మగవాడి చేత చావనన్న శత్రువు ముందు తాను స్త్రీనని చాటుతుంది. ఇక్కడ పరీక్షను ఆమే పెట్టింది, వేరెవరూ కాదు.

టమోరా పియర్స్ 1983లో అలానా కథ మొదలుపెట్టింది. కవల సోదరుడితో చోటు మార్చుకొని ఏళ్లపాటు శిక్షణ పొందే అమ్మాయి, పెరిగే ఒళ్లుతో పడే తంటాలు వివరంగా ఉంటాయి. టెర్రీ ప్రాచెట్ 2003 నవలలో పాలీ సైన్యంలో చేరినప్పుడు ప్యాంటులో ఒక మేజోళ్ల జత కుక్కుకుంటుంది, దాంతో నిలబడే తీరే మారిపోతుంది. ఒక చిన్న వస్తువు ఒంటి ధీమాను మార్చడం, అర్జునుడి గాజుల పక్కన పెట్టదగ్గ వివరం.

గుర్తింపు వైపుకొస్తే, బామ్ 1904 ఓజ్ కథలో టిప్ అనే కుర్రాడు నిజానికి మంత్రంతో మార్చిన రాకుమారి ఓజ్మా. వర్జీనియా వుల్ఫ్ 1928లో ఆర్లాండోను ఏడు రోజుల నిద్ర తరువాత స్త్రీగా లేపింది, దేహం మారింది, మనిషి అదే. రాబిన్ హాబ్ విదూషకుడి పాత్ర ఒక చోట మగవాడిగా, ఇంకోచోట అంబర్ అనే స్త్రీగా బతుకుతుంది, నువ్వెవరని గుచ్చి అడిగితే ఆ ప్రశ్ననే ఒప్పుకోదు. నియాన్ యాంగ్ 2017 నవలికలో పిల్లలు పెద్దయ్యాక తమ లింగాన్ని తామే ఖాయం చేసుకుంటారు.

అన్నిటికంటే మీకు పనికొచ్చేది ఏడెన్ థామస్ 2020 నవల. యాడ్రియెల్ ట్రాన్స్ అబ్బాయి. వాళ్ల ఇంట్లో మగవాళ్లకో విద్య, ఆడవాళ్లకో విద్య, అతనికి మగవాళ్ల దీక్ష ఇవ్వబోమంటారు. తనే చాటుగా దీక్ష తీసుకుంటే దేవత ఒప్పుకుంటుంది. అంటే ఆ లోకంలో మాయ దేహాన్ని చూడదు, మనిషిని చూస్తుంది. మీ లోకంలో మాయ దేన్ని చూస్తుందో ముందే తేల్చుకోండి. యక్షుడి కొలనులో ఆడవాళ్లకు మాత్రమే నీళ్లు తియ్యగా ఉంటాయనుకుందాం. మల్లి మగవేషంలో తాగినా తియ్యగానే ఉండాలి. చంద్రికకు వరం రాకముందు కూడా తియ్యగా ఉండాలి. ఈ ఒక్క దృశ్యంతో ఇద్దరి కథలూ విడిపోతాయి.

పెన్నగట్టు (నెల్లూరు)
వనజ గారూ, ఆ కొలను దృశ్యం రాసేస్తున్నా, మీకు రుణపడి ఉంటా. ఇప్పుడు పెద్ద గండం: "వచ్చాడు" అనాలా "వచ్చింది" అనాలా? రెండు పాత్రలకూ ప్రతి వాక్యంలోనూ ఇదే.

తెరవెనక
మాటల్లో పిలుపే ముందు పట్టిస్తుంది. చిన్ననాటి స్నేహితురాలు కోటలో ఎదురుపడి ఉలిక్కిపడి "ఏమే" అంటే చాలు, పక్కనున్నవాడు తల తిప్పుతాడు. "ఏరా" అని పిలిస్తే మల్లి వెంటనే తిరగాలి, అది ముందు నుంచీ సాధన చేయించండి.

పాకనాడు
క్రియల సంగతి. నేను, నువ్వు అని చెప్పేచోట తెలుగులో ఆడా మగా తేడా లేదు. వచ్చాను, వచ్చావు. గౌరవంగా వచ్చారు అంటే అక్కడా లేదు. చిక్కంతా మూడో మనిషి ఏకవచనంలోనే. అందుకని మూడు దారులు. మల్లి భాగాలను మల్లి నోటితోనే చెప్పించండి, గొడవే లేదు. లేదా డెర్న్‌హెల్మ్ పద్ధతిలో, చదువరికి కూడా దాచాలంటే బయటపడేదాకా "డు" వాడండి. కానీ చదువరికి ముందే తెలిసిన రహస్యానికి అది వాడితే అబద్ధంలా ఉంటుంది. అప్పుడు కథకుడు "ది" అంటాడు, దండులోవాళ్లు "డు" అంటారు.

చంద్రికకు కథకుడు మొదటి పేజీ నుంచీ స్త్రీగానే చెప్పాలి, వరానికి ముందూ తరువాతా కూడా. మిగతా పాత్రలు ఎవరు ఎప్పుడు "వాడు" మానేసి "ఆమె" అన్నారో అదే వాళ్ల మార్పు. ముసలి దాది మొదటి రోజే "అమ్మాయి" అనొచ్చు, అన్న చివరిదాకా అనకపోవచ్చు. తిట్టుమాటలు పాత్రల నోట వస్తే రానివ్వండి, కథకుడి నోట రానివ్వకండి. "పేడి" అని పాత కావ్యాల్లో ఉందని ఈనాటి కథనంలో వాడకండి.

ఒంగోలు_వనజ
ఇంగ్లీషులో లెగ్విన్ ఇదే బాధ పడింది. 1969 నవలలో గెథెన్ లోకపు మనుషులు ఇరవై ఆరు రోజుల చక్రంలో కొన్ని రోజులు తప్ప ఆడా కాదు మగా కాదు. అందరికీ "అతడు" వాడింది. చదివేవాళ్లకి అందరూ మగవాళ్లలాగే కనబడ్డారు. తరువాత వ్యాసాల్లో ఆ ఎంపికను తానే తిరిగి విచారించింది, అదే లోకపు ఒక చిన్న కథను 1975 సంపుటిలో "ఆమె"తో తిరగరాసింది. తెలుగులో రాసేవాళ్లకి "వచ్చారు" ఉంది కాబట్టి కొంత నయం, కాకపోతే గూఢచారికీ గుర్రాలు తోలేవాడికీ కూడా గౌరవవాచకం వాడితే రాజు మాటకు బరువుండదు.

చీమకుర్తి_రాయి
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. మన నేల మీద ఆడవేషం అవమానంగానూ పనిచేసింది. కాటమరాజుతో పోరులో వెన్నిచ్చి నెల్లూరు చేరిన సేనాని ఖడ్గతిక్కనకు (కవి తిక్కన వేరు) భార్య స్నానానికి మంచం అడ్డం పెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచిందని చాటువు. "ముగురాడువారమైతిమి" అంది: తల్లి, తను, ఇప్పుడు నువ్వు. ఆ మాటకు తిరిగి యుద్ధానికి పోయి చచ్చాడు. ఇంగ్లీషు కావ్యాల్లో స్పెన్సర్ 1596లో యోధుడు ఆర్టెగాల్‌కు రాణి రాడిగండ్ చేతిలో చీర కట్టించినట్టు ఆడబట్టలు కట్టించి నూలు వడికించాడు, అదీ శిక్షే. మీ కోటలో కూడా ఓడినవాడికి పసుపు పెట్టే ఆచారం ఉందనుకోండి. అందరూ శిక్ష అనుకునే ఆ పసుపును చంద్రిక తానుగా అడిగి తీసుకుంటే, ఆ మనిషి ఏమిటో ఒక్క పేజీలో తెలుస్తుంది.

పెన్నగట్టు (నెల్లూరు)
అన్నా, ఈ దృశ్యం కోసమే ఈ చర్చ మొదలుపెట్టానేమో అనిపిస్తుంది. ఒక అనుమానం మిగిలింది. మల్లి ఎందుకు దాక్కోవాలి? విజయనగరంలో ఆడవాళ్లు కాపలా ఉండేవాళ్లంటారు కదా.

ఉదయగిరి_కొండ
ఉండేవాళ్లు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాయల నగరిలో మల్లయుద్ధం చేసే ఆడవాళ్లు, అంతఃపురం కాపలాకాసే ఆడవాళ్లు ఉన్నారని రాశాడు. కాబట్టి "ఆడవాళ్లు ఆయుధం పట్టకూడదు" అని ఊరికే అంటే చదువరి నమ్మడు. సిలాన్స్ కథలో ఎబాన్ రాజు చట్టం ఉంది చూడండి, అట్టాంటిది కావాలి. నా సలహా: ఇంటికొక మగవాడు దండుకు రావాలి, రాకుంటే పొలం కోటకు పోతుంది. తమ్ముడు జబ్బుతో మంచంలో ఉన్నాడు. అప్పుడు మల్లికి కావలసింది కత్తి కాదు, తమ్ముడి పేరు. హాజరుపట్టీలో ఆ పేరు పడగానే కథ కదులుతుంది. ముట్టడి అయిపోయాక ఆ పేరు తిరిగి తమ్ముడికిచ్చేస్తుంది, బట్టలు విప్పేస్తుంది.

తెరవెనక
విప్పేటప్పుడు పెన్నగట్టూ, ఒక్కసారిగా విప్పించొద్దు. కుళ్లాయి తీసి సిగ విప్పుతుంది, అడుగు మాత్రం ఇంకా పెద్దదే పడుతుంది. ఏటి దగ్గర ఎవరో "ఏరా" అని వేరేవాణ్ణి పిలిస్తే మల్లే తిరగాలి.